గోడ అడిగిన రంగు

ఇంటికి రంగులు వేయించాలనుకున్నవాళ్లంతా పెయింట్ షాపు కౌంటరు దగ్గర ఒక చిక్కులో పడతారు. మేస్త్రి చీటీలో రాసిచ్చింది కాంట్రాక్టర్లు అపార్ట్‌మెంట్లకు వాడే చవక ఎమల్షన్, ఇరవై లీటర్ల బకెట్. షాపాయన చూపించేది లీటరు ధర రెట్టింపు ఉన్న ప్రీమియం డబ్బా, మీద ఇన్నేళ్ల వారంటీ అని ముద్ర. ఏది తీసుకోవాలి? రెండూ పనికొచ్చేవే. ఏ గోడకు ఏదన్నది తెలుసుకుంటే చాలు.

ముందు బకెట్‌లో ఏముందో చూద్దాం. గోడ మీది పాత మచ్చను కప్పేది టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి. ఆ పొడిని గోడకు పట్టి ఉంచేది అక్రిలిక్ వంటి జిగురు. ఈ రెండూ ఖరీదైన సరుకులు. ధర తగ్గాలంటే వీటిని తగ్గించి సుద్ద, చైనా క్లే లాంటివి పెంచాలి. పాత డిస్టెంపర్ గోడకు ఆనుకుని నిలబడితే చొక్కా వీపంతా తెల్లబడటం చాలామందికి అనుభవమే. జిగురు చాలని రంగు చేసే పని అది. చవక ఎమల్షన్ అంత రాలదు కానీ, పిల్లల చేతి మరకలు తడిగుడ్డతో నాలుగుసార్లు తుడిస్తే మరకతో పాటు రంగూ వస్తుంది.

లీటరు ధర చూసి బేరం కుదిరిందనుకోకూడదు. లెక్క చదరపు అడుగుకు కట్టాలి. పది బై పన్నెండు గది, ఎత్తు పది అడుగులు. తలుపులు, కిటికీలు పోగా సుమారు 400 చదరపు అడుగుల గోడ. రెండు పూతలకు లీటరు 80 అడుగులు వచ్చే రంగైతే 5 లీటర్లు పడుతుంది, 130 అడుగులు వచ్చేదైతే 3 లీటర్ల పైచిలుకు. మొదటిది లీటరు 200, రెండోది 400 అనుకున్నా, గది మొత్తానికి తేడా రెండు మూడు వందలే. పైగా గోడ గీకడానికి, లప్పం పెట్టడానికి, ఎమెరీ కొట్టడానికి ఇచ్చే కూలి రెండింటికీ ఒకటే. రెండేళ్లకే మళ్లీ వేయించాల్సి వస్తే ఆ కూలంతా మళ్లీ పెట్టుకోవాలి. అందుకే హాలుకు, పిల్లల గదికి, వంటింటికి మంచి రంగే వేయించమంటాను.

అలాగని చవక రంగును చిన్నచూపు చూడను. సీలింగును ఎవరూ తాకరు, తుడవరు. అక్కడ అదే సరిపోతుంది. కొత్త ప్లాస్టరింగ్ గోడలో నెలల తరబడి తడి ఉంటుంది. దాని మీద ఖరీదైన రంగు గట్టి పొరలా పరుచుకుంటే లోపలి తడి బయటికి రాలేక బుడగలు లేస్తాయి. మా ఇంటి పనికి వచ్చిన పెద్ద మేస్త్రి గోడకు అరచెయ్యి ఆనించి, "ఇంకా చల్లగా ఉంది సార్, ఒక ఎండాకాలం పోనివ్వండి" అన్నాడు. అప్పటిదాకా మామూలు రంగు వేసి ఆగమన్నాడు. ఖరీదైనది కొనిపించడం కంటే వద్దని చెప్పడానికి ఎక్కువ పనితనం కావాలి. అటువంటి మనిషి మాటకు నేను చాలా విలువిస్తాను.

మరో సంగతి కూడా తెలిసి ఉండాలి. చాలా కంపెనీలు పెయింటర్ల కోసం బకెట్లలో టోకెన్లు పెడతాయి. ఇప్పుడు ఫోన్‌లో స్కాన్ చేస్తే పాయింట్లు వచ్చే పద్ధతీ ఉంది. ఎండలో నిచ్చెన మీద నిలబడే మనిషికి ఆ నాలుగు డబ్బులు రావడంలో తప్పేమీ లేదు. ఆ సంగతి తెలిసి మాట్లాడుకుంటే చాలు. సరుకు మీరే కొనండి, టోకెన్ ఆయనకే ఇవ్వండి, బకెట్ మూత మాత్రం మీ ఎదురుగా తీయించండి. డబ్బా మీద రాసినదానికంటే ఎక్కువ నీళ్లు కలిపితే ప్రీమియం రంగు కూడా పలచబడి, కప్పే శక్తి పోగొట్టుకుంటుంది.

తలుపులకు, గ్రిల్స్‌కు వేసే ఎనామిల్ దగ్గర మాత్రం బేరమాడకండి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న 2016 నాటి నిబంధనలు 2017 నవంబరు నుంచి అమల్లో ఉన్నాయి. డబ్బా మీద ఆ వివరం చూసి కొనండి. అంతకుముందు వేసిన పాత ఎనామిల్‌లో సీసం ఉండవచ్చు. దాన్ని పొడిగా గీకించకండి, తడిపి గీకమనండి. ఆ పని జరిగినంతసేపూ పిల్లల్ని, గర్భిణుల్ని ఇంట్లో ఉంచకండి.

ఈసారి రంగులకు బడ్జెట్ వేసేటప్పుడు ముందు చెమ్మ బాగుచేయడానికి, లప్పానికి, ప్రైమర్‌కు డబ్బు పక్కన పెట్టండి. మిగిలినదాంట్లో రోజూ చేతులు తగిలే గోడలకు మంచి రంగు, మిగతా వాటికి మామూలు రంగు కొనండి. షాపుకు వెళ్లేటప్పుడు మేస్త్రిని వెంట తీసుకెళ్లండి. డబ్బు ఇచ్చేముందు డబ్బా మీది అక్షరాలు మాత్రం మీరే చదవండి.