ఎంత కొట్టమంటారు సార్?

పెట్రోలు బంకులో గాలి పైపు పట్టుకున్న కుర్రాడు ముందుగా అడిగేది ఇదే. లక్షలు పోసి కారు కొన్నవాళ్లలో చాలామంది చెప్పే జవాబు కూడా ఒక్కటే: "నీకు తెలుసుగా, కొట్టెయ్." అతనికి తెలిసిన అంకె సాధారణంగా 35. చిన్న కారుకైనా, ఏడుగురెక్కే బండికైనా, ముందు చక్రానికైనా, వెనక చక్రానికైనా అంతే. పాపం, అతన్ని అనడానికి లేదు. వెనక నాలుగు బండ్లు హారన్ కొడుతుంటే మీ కారు పుట్టుపూర్వోత్తరాలు అతనెక్కడ విచారిస్తాడు?

అసలు జవాబు కారులోనే ఉంటుంది. డ్రైవరు తలుపు తెరిస్తే ఆ ద్వారబంధం మీద చిన్న స్టిక్కరు కనిపిస్తుంది. కొన్ని కార్లకు పెట్రోలు మూత లోపలివైపు అంటిస్తారు. ముందు టైరుకెంత, వెనక టైరుకెంత, ఇద్దరు ముగ్గురు కూర్చుంటే ఎంత, మనుషులూ సామానూ నిండితే ఎంత అన్నీ అందులో ఉంటాయి. మన రోడ్ల మీద తిరిగే చాలా కార్లకు ఆ అంకె 30 నుంచి 36 పీఎస్‌ఐ లోపే. కొందరు టైరు గోడ మీద అచ్చుపోసిన అంకె చూసి అంత కొట్టిస్తారు. అది ఆ టైరుకు గరిష్ఠ పరిమితి. ఒకే సైజు టైరును నాలుగైదు రకాల కార్లకు బిగిస్తారు. మీ కారు బరువెంతో టైరు చేసినవాడికి ఏం తెలుస్తుంది?

స్టిక్కరు మీదిది చల్లటి టైరుకు చెప్పిన లెక్క. అంటే కారు కనీసం మూడు గంటలు కదలకుండా ఉండాలి, లేదా ఒకటి రెండు కిలోమీటర్లకు మించి నడిచి ఉండకూడదు. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు మారితే టైరులో ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ మారుతుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల వేడిలో, నీడన ఆపిన కారుకు 32 కొట్టించారనుకోండి. కొంచెం గాలి కూడా బయటికి పోకపోయినా, సంక్రాంతి తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో ఆ టైరు 28 దగ్గర ఉంటుంది. పోకుండా ఉండడమన్నది ఎలాగూ జరగదు. మేకు దిగకపోయినా రబ్బరులోంచి నెలకు ఒకటో రెండో పీఎస్‌ఐ జారిపోతూనే ఉంటుంది.

ఇంతవరకు చెబితే అందరూ తలూపుతారు. పేచీ వచ్చేది ఎండాకాలంలో. "ఎండలు మండుతున్నాయి, రెండు తగ్గించి కొట్టు, లేకపోతే పేలుతుంది" అనే మాట వినని బంకు లేదు. చెప్పేవాళ్లు అనుభవజ్ఞులే, కానీ మాట మాత్రం తలకిందులు. హైవే మీద టైర్లు పేలడానికి గాలి ఎక్కువవడం కంటే తక్కువవడమే పెద్ద కారణం. గాలి తగ్గిన టైరు గోడ నేలను తాకిన ప్రతిసారీ వంగి లేస్తుంది. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో మామూలు కారు చక్రం సెకనుకు పదిహేడు సార్లకు పైగా తిరుగుతుంది. ఇనప తీగను అటూ ఇటూ గబగబా వంచితే వంగినచోట వేడెక్కుతుంది కదా, టైరు గోడ పరిస్థితీ అదే. ఆ వేడికి లోపలి రబ్బరు పొరలు, ఉక్కు తీగల బెల్టు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. ఇంకొందరు దారి మధ్యలో ఆగి, మీటరు 37 చూపించిందని కంగారుపడి గాలి తీయిస్తారు. పరుగెత్తిన టైరులో ఒత్తిడి పెరగడం సహజం. స్టిక్కరు రాసినవాళ్లు ఆ పెరుగుదలను కూడా లెక్కలో వేసుకునే రాశారు. తీయించిన గాలి లోటు టైరు చల్లారాక బయటపడుతుంది.

దీని మీద అమెరికాలో పెద్ద గొడవే నడిచింది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన ఆ టైర్ల పైపొర హైవే వేగంలో ఊడి, బండ్లు పల్టీలు కొట్టి, వందల మంది చనిపోయారు. ఆ బండికి ఫోర్డ్ సూచించిన గాలి 26 పీఎస్‌ఐ. 30 ఉండాలని టైరు కంపెనీ అన్నది. తప్పు టైరు తయారీదా, బండిదా, గాలిదా అని ఇద్దరూ ఒకరినొకరు వేలెత్తి చూపుకున్నారు. ఆ ఏడాదే అక్కడ చట్టం వచ్చింది. గాలి తగ్గితే డ్యాష్‌బోర్డు మీద వెలిగే పసుపు దీపం దాని ఫలితమే. అయితే ఆ చట్టం ప్రకారం దీపం వెలగాల్సింది గాలి స్టిక్కరు అంకె కంటే పాతిక శాతం పడిపోయాక. 32 ఉండాల్సిన టైరు 24కు దిగేదాకా అది మౌనంగా ఉండొచ్చు. దీపం వెలగలేదు కాబట్టి గాలి సరిగ్గా ఉందనుకోవడానికి వీల్లేదు.

కంటితో చూసి చెప్పే రోజులు కూడా పోయాయి. లారీ క్లీనరు రాడ్డుతో టైరును కొట్టి, చప్పుడు విని చెబుతాడు. అతని చెవి మీద నాకు గౌరవమే. కారు రేడియల్ టైరు మాత్రం సరైన గాలి ఉన్నా అడుగున కాస్త ఉబ్బినట్టే ఉంటుంది, నాలుగైదు తగ్గినా దాదాపు అలాగే ఉంటుంది. అందుకే నా దగ్గర సొంత గేజీ ఉంటుంది. అది బంకు మీటరుతో కచ్చితంగా కలవకపోయినా, రోజూ ఒకే అబద్ధం చెప్పే సాక్షి మేలు. పొద్దున్నే కారు తీయకముందు చూడడం, తగ్గినచోట సిగరెట్ లైటరు సాకెట్‌కు తగిలించే చిన్న పంపుతో నింపడం పది నిమిషాల పని.

స్టిక్కరు అంకెతో మొదలుపెట్టి ఇంకాస్త లోతుకు వెళ్లాలనుకునేవాళ్లకు పాత డ్రైవర్ల కొలత ఒకటుంది. చల్లగా ఉన్నప్పుడు చూసి, హైవే మీద అరగంట నడిపి మళ్లీ చూడాలి. నాలుగు పీఎస్‌ఐ దరిదాపుల్లో పెరిగితే సరే. అంతకు బాగా మించితే మొదట పెట్టింది తక్కువని అర్థం. ఇంకొకటి సుద్దముక్క పరీక్ష. టైరు మీద అడ్డంగా గీత గీసి చదును రోడ్డు మీద కొన్ని గజాలు తిన్నగా నడిపితే, మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. రెండూ ఉజ్జాయింపు లెక్కలే, స్టిక్కరుకు ఒకటి రెండు అటూ ఇటూ సర్దుకోవడానికి మాత్రమే పనికొస్తాయి. ఒంటరిగా ఆఫీసుకు వెళ్లే కారుకు నేను స్టిక్కరు దాటను. పండక్కి ఐదుగురం ఎక్కి, డిక్కీ నిండి, తిరుగు ప్రయాణంలో బియ్యం బస్తా కూడా చేరితే నిండు బరువుకు రాసిన అంకె పెట్టాల్సిందే. ఆ వరసను మనలో చాలామంది చదవనే చదవరు.

నైట్రోజన్ సంగతి అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. విమానాలకు, రేసు కార్లకు దాని అవసరం వేరు. మనకు ఒరిగేది కాస్త నెమ్మదిగా జారడం, అంతే. ఉచితంగా ఇస్తే కొట్టించుకోండి. నైట్రోజన్‌కు గుర్తుగా పెట్టే ఆకుపచ్చ మూత చూసుకుని నెలల తరబడి గేజీ ముట్టకుండా ఉండేవాళ్లకు మాత్రం అది నష్టమే.

ఈసారి గేజీ తీసినప్పుడు డిక్కీలో పడుకున్న స్టెప్నీకి కూడా పెట్టండి. మీ కారులో ఉన్నది సన్నటి టెంపరరీ చక్రమైతే దాని మీద ఏం రాసి ఉందో చదవండి. చాలావాటికి 60 పీఎస్‌ఐ కావాలి, 80 కిలోమీటర్ల వేగం దాటకూడదు.