పెంబర్తి రేకు

జనగామ చెంతనున్న పెంబర్తిలో కాకతీయుల నాటినుండి విశ్వకర్మలు చేయుచున్నారని చెప్పుకొను లోహపుపనికి పేరు తెచ్చినది పోత కాదు, రేకు. అనగా, కరగించి అచ్చున పోసినది గాక, పలుచని ఇత్తడి రేకును కాచి, లక్కపై అతికించి, చిన్న ఉలులతో సుత్తితో తట్టి తట్టి, దేవతలకు కవచములుగను, రథములకు తొడుగులుగను, నిజాముల కాలమున పాన్‌దానులుగను అత్తరుదానులుగను తీర్చిన పని. 2010లో భౌగోళిక గుర్తింపును పొందిన యీ పనిని, ఓరుగల్లువాడనగుటచేత, పలుమారులు దగ్గర కూర్చుండి చూచితిని. చూచినప్పుడెల్ల నాకు కవచముకంటె రేకే యెక్కువ వింతగా తోచినది.

ఏలయన, రెండు లోహములు కలిసినచో ఆ రెంటి గుణములకు నడుమ నొక గుణము సిద్ధించునని మనము తలంతుము. ఇత్తడి యా తలంపును నిలువనీయదు. ఎఱ్ఱని రాగియు, నీలిచాయ గల బూడిదవన్నె జింకును కలిసి పసుపువన్నె పుట్టుట యటుండనిండు. నూటికి డెబ్బది పాళ్ళు రాగియే యున్న ఇత్తడిలో విద్యుద్వాహకత రాగి వాహకతలో సుమారు 28 శాతమునకు, అనగా దాదాపు ఒట్టి జింకు స్థాయికి, దిగజారును. దృఢత్వమో, రెంటిని మించును.

శుద్ధమైన రాగిలో పరమాణువులన్నియు నొకే పరిమాణము గలవై వరుసలు తీరియుండును. ఆ వరుసలలో అక్కడక్కడ తప్పిన తావులుండుననియు, దెబ్బకు లోహము వంగుటయనగా ఆ తావులు పరమాణువుల పొరల వెంబడి జరిగిపోవుటయే యనియు 1934లో టేలర్, ఒరోవాన్, పోలాన్యీ అను మువ్వురు విడివిడిగా సూచించిరి. రాగికంటె నించుక పెద్దదైన జింకు పరమాణువు ఒక రాగి పరమాణువు స్థానమున కూర్చున్నచో, చుట్టుపట్ల అమరిక వికలమై ఆ జరుగుబాటునకు అడ్డుపడును. ఎలక్ట్రానుల నడకకును ఆ వైకల్యమే యడ్డు. గట్టిదనము పెరిగినదెందుచేతనో, వాహకత తరిగినదియు నందుచేతనే. పాళ్ళకును హద్దు కలదు: జింకు 35 శాతము దాటుచు వచ్చినకొలది వేరొక స్ఫటికనిర్మాణము తలయెత్తి, రేకు చల్లని సుత్తికి లొంగదు. తగరము హెచ్చిన కంచు గంటకు మేలు గాని, యీ పనికి పెళుసు.

తట్టినకొలది వరుస తప్పిన తావులు పెరిగి, ఒకదానితో నొకటి చిక్కుపడి, రేకు మొండికెత్తును. అప్పుడు లక్కను విడిపించి రేకును మరల కాల్తురు. ఆ వేడికి క్రొత్త స్ఫటికములు పుట్టి, అది మెత్తబడి, మరల సుత్తి క్రిందికి వచ్చును. వరంగల్లులో 1959లో వెలసిన ఇంజనీరింగు కళాశాలలో లోహశాస్త్ర విద్యార్థులు సూక్ష్మదర్శినిలో పరిశీలించునది యీ మార్పునే. పనివాడు దానిని సుత్తి యెగురు తీరునుబట్టి పసికట్టును. నాకు రెండవ విద్యయే కష్టతరమని తోచును.

శుద్ధమైన రాగికి అంతగా లేని జబ్బొకటి ఇత్తడికి కలదు. బ్రిటిషువారి కాలమున మనదేశపు వానకాలములో గుఱ్ఱపుసాలల కడ నిలువచేసిన తూటాల ఇత్తడి తొడుగులు, ఎవ్వరును తాకకుండగనే పగుళ్ళు దేరెను. గుఱ్ఱపు మూత్రమునుండి లేచిన అమోనియాయు, గాలిలోని తేమయు, సాగదీసినప్పుడు లోహములో మిగిలిన బిగువును కలిసి చేసిన చేటది. మందు సామాన్యమే: పని ముగిసిన పిదప, ఆకారము చెడనంత కొద్దిపాటి వేడిలో మరియొకమారు కాచుట. గోశాల ప్రక్కగదిలో ఇత్తడి కవచమును దాచు ధర్మకర్తలు, ఆ చివరి కాపు జరిగినదో లేదో అడిగి తెలిసికొనుట మంచిది.