జముకు నేర్పిన పాట

వంగపండు ప్రసాదరావు వందల పాటలు కట్టారు. అయినా ఆయన పేరు చెప్పగానే జనం నోట ముందుగా పలికేది ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’. 1943లో పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో పుట్టి, విశాఖ హిందూస్థాన్ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేసిన మనిషిని తెలుగు నేలంతటికీ తెలియజేసింది ఈ పాటే. దాన్ని విప్లవగీతం అనేసి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. పాట బలమంతా దాని కట్టుబడిలో ఉంది. ఆ కట్టుబడి ఉత్తరాంధ్ర పల్లెల్లో తరతరాలుగా నలిగినది.

ముందు జముకు సంగతి చెప్పాలి. గొట్టంలాంటి బోలు వాయిద్యం అది. ఒక మూతికి తోలు బిగిస్తారు. ఆ తోలు నడిమధ్య నుంచి ఒక తీగ వస్తుంది. ఒక చేత్తో తీగను లాగుతూ రెండో చేత్తో మీటుతారు. బిగిస్తే నాదం పైకి లేస్తుంది, వదిలితే కిందికి జారుతుంది. అందుకే జముకు లయ నడుపుతూనే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఎల్లమ్మ కథ చెప్పే కళాకారులు దీన్ని నమ్ముకునే కథ నడుపుతారు. కథకుడు ఒక మాట అని వదులుతాడు, వంతపాడేవాళ్ళు అందుకుంటారు. వాళ్ళు అందుకున్న ఆ కాస్త వ్యవధిలో కథకుడు ఊపిరి తీసుకుంటాడు, తర్వాతి మాట అల్లుకుంటాడు. వినేవాళ్ళకు అదే మాట రెండోసారి చెవిన పడుతుంది. మైకులు లేని రోజుల్లో, అక్షరం రాని జనం మధ్య ఇంతకన్నా పదునైన సాధనం మరొకటి ఉండేదని నేననుకోను.

ఈ పదును బొడ్డపాడు కవి సుబ్బారావు పాణిగ్రాహికి బాగా తెలుసు. గుడిలో అర్చకత్వం చేసిన ఆయన, అమ్మవారి కథలకు వాడే జముకుల కథలోకి రైతు బతుకును తెచ్చారు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే గిరిజనులు హతులయ్యాక శ్రీకాకుళ గిరిజన పోరాటం రగిలింది. 1969 డిసెంబరులో పాణిగ్రాహి పోలీసుల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. ఆ గొంతు ఆగినచోట అందుకున్నవాళ్ళలో వంగపండు ఒకరు. 1972లో మొదలైన విప్లవ కళాబృందం జననాట్యమండలిలో గాయకుడు గద్దర్‌తో పాటు ముందువరుసలో నిలిచి, కాళ్ళకు గజ్జెలు కట్టి ఊరూరా ఆడారు, పాడారు.

ఇప్పుడు పాటలోకి వద్దాం. అది మొదలవడమే పిలుపుతో. ఒక కుర్రవాణ్ణి ఆపి, వస్తావా అని అడుగుతుంది. అడిగాక జవాబు రావాలి కదా! ఆ జవాబు చోట సభ అంతా గొంతు కలుపుతుంది. జముకుల కథలో వంతపాడేవాళ్ళు చేసే పనే ఇది. ఇందులో ఉపన్యాసం లేదు, ఆజ్ఞ లేదు. జాతరకు తోడు రమ్మన్నంత మామూలుగా కొండకు రమ్మంటుంది.

చరణాల అల్లిక నాకు మరీ ఇష్టం. ఒక ఊరు, ఒక కొండ, అక్కడ పోరుకు లేచిన ఒక చిన్న ప్రాణి. శ్రీకాకుళం, సీమకొండ, కత్తి పట్టిన చిలక. పుస్తకంలో రాస్తే చిలక మిగతా రెండింటితో కలవదు. శ్రీకాకుళం నోట అది ‘సిలక’ అవుతుంది, మూడూ ఒక్క నాదం మీదికి వచ్చి కూర్చుంటాయి. పాట ఆ యాస మీదే నిలబడింది. శిష్టభాషలోకి దిద్దారా, కూలిపోతుంది. ఊరి పేరు గుర్తుంటే చాలు, ప్రాణి పేరు దానంతటదే నాలుక మీదికి వస్తుంది. పాడేవాడు కావాలనుకుంటే తన ఊరి కొండ పేరు పెట్టి ఇంకో చరణం అల్లుకోవచ్చు. ఇక, షావుకారు అప్పుకీ అటవీ సిబ్బంది జులుంకీ అణిగి బతికిన కొండవాళ్ళకు, చిలక కత్తి పట్టడమంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు.

1986లో ఆర్. నారాయణమూర్తి ‘అర్ధరాత్రి స్వతంత్రం’తో ఈ పాట సినిమా హాళ్ళకు చేరింది. 2009లో ‘మగధీర’లోని ఒక హుషారు పాట దీని పిలుపును మాత్రం ఎత్తుకుంది. కొండలు పోయాయి, ప్రాణులు పోయాయి. అదొక ప్రేమపాట అనుకుని పెరిగిన పిల్లలను తప్పుపట్టలేం. వంగపండు కన్నుమూసిన 2020లోనే ‘పలాస 1978’లో ‘నక్కిలీసు గొలుసు’, ‘అల వైకుంఠపురములో’ సినిమాలో ‘సిత్తరాల సిరపడు’ రాష్ట్రాలు దాటి మోగాయి. ఈ యాసకు ఇంత గిరాకీ రావడం నాకు నిజంగా సంతోషం. పాటతోపాటు పాట కట్టే విద్య కూడా బతకాలి.

విజయనగరంలో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. ఘంటసాల, సుశీల అక్కడే నేర్చుకున్నారు. గాత్రానికీ వయొలిన్‌కూ దొరికిన ఆ నీడ జముకుకూ దొరకాలి. తీగ ఎంత లాగితే ఏ నాదం పలుకుతుందో, వంత ఎక్కడ అందుకోవాలో తెలిసినవాళ్ళు ఇంకా పల్లెల్లో ఉన్నారు. వాళ్ళను గురువులుగా పిలిచి, నెలనెలా జీతమిచ్చి, పిల్లలను వాళ్ళ ముందు కూర్చోబెట్టాలి.