చెప్పొద్దు, చూపించు: ఎవరికి?

బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ కథారచన మీద ఆన్‌లైన్లో ఉచితంగా పాఠాలు నడుపుతోంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం 2014లో కవిత్వం మీద ఇట్లాంటివే పెట్టింది. ఫీజు లేదు, ఏ స్థాయివాళ్లయినా రావొచ్చు. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మాబోటి వాళ్లకిది చిన్న సంగతేం కాదు. నోటుబుక్కు పెట్టుకొమ్మనడం, తోటివాళ్ల రాత చదివి అభిప్రాయం చెప్పమనడం ఎవరికైనా పనికొచ్చేవే.

పేచీ అంతా 'చెప్పొద్దు, చూపించు' అనే సూత్రంతోనే. రచన నేర్పేచోట తరచూ వినబడే మాట ఇది. చూపిస్తే చాలాలంటే, చదివేవాడికి ఆ బతుకు ముందే తెలిసుండాలి. హోటల్లో మాకు విడిగా పెట్టిన గ్లాసును ఊరికే చూపిస్తే, అంటరానితనం ఎక్కడుందని అడిగే పాఠకుడికి అది ఒట్టి గ్లాసే గదా! కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత దళిత కవులు ఊరిపేరు, కులంపేరు పెట్టి చెప్పారు. ఆ గొంతులు 1995లో 'చిక్కనవుతున్న పాట'గా వచ్చాయి. వాటిని నినాదాలన్నవాళ్లు, శిల్పం లేదన్నవాళ్లు మనకు కొత్త కాదు. ఇప్పుడదే తీర్పు పాఠంలో సూత్రమై, అదీ ఇంగ్లీషులో, ఉచితంగా మన పిల్లల చేతికొస్తోంది. దాన్ని నమ్మి కథలోంచి వాడ పేరు కొట్టేసుకుంటే పోయేది మాటొక్కటే కాదు, సాక్ష్యం.

జాషువా 'గబ్బిలం' (1941)లో అరుంధతీసుతుడు చేసే పనేమిటి? శివుడికి చెప్పమని తన గోడంతా గబ్బిలానికి చెప్పుకుంటాడు.