నాలుగు వేళ్ల ఆట

జమ్మలమడుగు దాటి ముద్దనూరు వైపు పోతుంటే ఎదురుగా నాపబండల లారీ వచ్చింది. జీపును ఎడమకు తీద్దామని స్టీరింగ్ తిప్పాను. నాలుగు వేళ్ల మేర తిరిగింది గానీ బండి పోయే దారినే పోతోంది. ఇంకొంచెం తిప్పేసరికి ఒక్కసారిగా పక్కకు లాగింది. లారీ వెళ్లిపోయాక రోడ్డు వారన ఆపి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చున్నాను.

మా నాయన వాడిన మహీంద్రా జీపు అది, 1974 రిజిస్ట్రేషన్. పులివెందుల దగ్గర చీనీ తోటకు ఎరువు మోసింది. వేముల వైపు ముగ్గురాయి గనుల దారుల్లో తిరిగింది. పెన్న ఎండిన రోజుల్లో ఇసుకలో దిగి అవతలి ఒడ్డు ఎక్కింది. మధ్యలో పెట్రోలు ఇంజిను తీసేసి డీజిలుది ఎక్కించారు, మా వైపు చాలా జీపులకు జరిగినట్టే. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలున్న వింటేజ్ నంబరు ఇస్తారు. కానీ ఛాసీ, బాడీ, ఇంజిను మార్చి ఉండకూడదు. కాబట్టి మా జీపుకు ఆ నంబరు రాదు. రానక్కర్లేదు కూడా. ఆ నంబరున్న బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజూ రోడ్డెక్కించకూడదు. నాకేమో దీన్ని తోలుకుంటూ తోటకు పోవాలని ఉంది.

అంతకు కొన్నాళ్ల ముందే ఒక షెడ్డులో చూపించాను. స్టీరింగ్ బాక్సు పక్క మూత మీద లాక్ నట్టుతో ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని బిగించి పంపారు. స్టీరింగ్ ఆట, అంటే ఆ వదులు, తగ్గిన మాట నిజమే. అయితే మలుపు తిరిగాక పట్టు సడలిస్తే స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం మానేసింది. ప్రతి మలుపు దగ్గరా రెండు చేతులతో లాగి తేవాల్సి వచ్చేది. నెల తిరక్కుండానే ఆట మళ్లీ మొదలైంది.

ప్రొద్దుటూరులో పాత జీపులు చేసే మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. మా నాయనను ‘బావా’ అనేవాడు, అందుకని నాకు మామ. సంగతంతా విని, ‘‘బాక్సు జోలికి ఇప్పుడే పోవాకు అల్లుడా. ముందు కింద దూరి సూద్దాం పా’’ అన్నాడు. ఒక కుర్రాణ్ని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్‌ను కుడికీ ఎడమకూ కొద్దికొద్దిగా ఆడించమన్నాడు. నన్ను తన పక్కనే గోనెపట్టా మీద పడుకోమని చేతికి టార్చి ఇచ్చాడు.

ఆ పది నిమిషాల్లో చూసింది నేను మర్చిపోలేను. బాక్సు నుంచి దిగిన డ్రాప్ ఆర్మ్ కదిలింది. దాని కొసన ఉన్న గుండు డ్రాగ్ లింక్ లోపల కొంచెం జరిగాకే లింక్ కదిలింది. లింక్ వెళ్లి ముందున్న బెల్ క్రాంక్‌ను నెట్టింది. అది తిరగడానికి ముందు పైకి లేచి వాలింది. అక్కణ్నుంచి టై రాడ్లు, వాటి కొసల్లో మళ్లీ కొంచెం. ఒక్కోచోట జొన్నగింజంత కదలిక. కింద జొన్నగింజంత ఉన్నది స్టీరింగ్ దగ్గరికి వచ్చేసరికి వేలెడు అవుతుంది. నాలుగు చోట్లది కలిస్తే నా నాలుగు వేళ్లు. స్క్రూ బిగించినవాళ్లు వీటిలో ఒక్కదాన్నీ తాకలేదు.

తర్వాత జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. టక్కుమంది. ‘‘బ్రేకు తొక్కు’’ అన్నాడు. తొక్కాక కూడా టక్కుమంది. ఆ చప్పుడు బ్రేకుతో ఆగిపోతే హబ్ బేరింగు, ఆగకపోతే కింగ్‌పిన్ అని అప్పుడు చెప్పాడు. డీజిలు ఇంజిను బరువంతా ఇన్నేళ్లుగా ఆ కింగ్‌పిన్ బేరింగుల మీదే పడింది మరి.

బెల్ క్రాంక్ పిన్ను ఊడదీసి నా చేతిలో పెట్టాడు. ఒక పక్క నున్నగా గుండ్రంగా ఉంది, రెండో పక్క గోరు ఆగేంత గాడి. గ్రీజు నిపిల్ మీద గట్టిగా ఎండిన రంగు పేరుకుపోయి ఉంది. మామ గ్రీజు గన్ను పెట్టి కొట్టి చూపించాడు. ఒక్క చుక్క లోపలికి పోలేదు, అంతా పక్కలకే కారింది. ఐదేళ్ల కిందట, నాయన పోయాక, బండి కళగా ఉండాలని కిందా పైనా పెయింటు కొట్టించింది నేనే. ఆయనుండగా నెలకోసారి తానే గోనెపట్టా పరుచుకుని గ్రీజు కొట్టేవాడు. ఆ పిన్ను ఇప్పటికీ నా రాతబల్ల మీద ఉంది.

డ్రాప్ ఆర్మ్ గుండు కూడా ఒక వైపు అరిగి చదునైంది. వెల్డింగు పోసి లేతు మీద పట్టిస్తే సరిపోతుందేమోనని అడిగాను. ప్రొద్దుటూరులో పత్తి మిల్లులకూ నూనె మిల్లులకూ పనిచేసిన మంచి టర్నర్లు ఉన్నారు కదా. మామ ఒప్పుకోలేదు. ‘‘మిల్లులో ముక్క ఇరిగితే మిల్లు ఆగుతాది. ఇది ఇరిగితే యాడ ఆగుతాది?’’ అన్నాడు. ఆ మాట మీద నాకు వాదన లేదు. ఆర్మ్, బెల్ క్రాంక్ కిట్టు, టై రాడ్ ఎండ్లు, కింగ్‌పిన్ బేరింగులు అన్నీ కొత్తవే తెప్పించాం. బేరింగుల బిగువును షిమ్ములనే పలుచని రేకులు ఒక్కొక్కటే వేసి తీసి, స్ప్రింగు త్రాసుతో చక్రాన్ని తిప్పే ఆర్మ్‌ను లాగి చూస్తూ కుదిర్చాడు.

బాక్సు చివరికి విప్పాడు. ఈ రకం బాక్సు అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని లఫాయెట్‌లో ఉన్న రాస్ గేర్ కంపెనీది. రెండో ప్రపంచ యుద్ధం జీపుల్లో వాడిందీ ఇదే. స్టీరింగ్ కడ్డీ కింద స్క్రూలాంటి మెలిక గాడి, అందులో కూర్చునే రెండు మొనల లీవరు. ఆ గాడిని నడిమధ్యన కావాలనే లోతు తక్కువగా కోస్తారు. అందువల్ల బండి తిన్నగా పోయేటప్పుడు మొనలు బిగువుగా ఉంటాయి, మలుపుల్లో వదులవుతాయి. కానీ ఏ బండైనా ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కాబట్టి గాడి మధ్యలోనే అరుగుతుంది. అరిగిన మధ్యను చూసి స్క్రూ బిగిస్తే, అరగని అంచుల్లో మొనలు పట్టేస్తాయి. మలుపు తర్వాత నా స్టీరింగ్ వెనక్కి రాకపోవడానికి కారణం అదన్నమాట. మా గాడి అరిగింది గానీ ఇంకా పనికొస్తుంది, లీవరు మాత్రం మార్చాల్సి వచ్చింది. డ్రాగ్ లింక్ తగిలించకముందే, బాక్సు తిన్నగా పోయే స్థానంలో ఉండగా, రెండు వేళ్లతో స్టీరింగ్ ఆడిస్తూ మామ స్క్రూ కుదిర్చాడు. నడిమధ్యన కొంచెం బరువు తగలాలి, అటూ ఇటూ పోతే తేలిపోవాలి. నా చేత కూడా తిప్పించి చూపించాడు. తర్వాత టైర్ల మీద సుద్దగీతలు గీసి, ముందు వైపు వెనక కన్నా రెండు మిల్లీమీటర్లు దగ్గరగా ఉండేలా టై రాడ్లు సరిచేశాడు.

మరుసటి రోజు పొద్దున్నే జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల బయలుదేరాను. ముద్దనూరు దాటాక ఒక మలుపు తిరిగి పట్టు సడలించాను. స్టీరింగ్ అరచేతుల కింద మెల్లగా జారుతూ తిన్నని దారికి తనంతట తానే వచ్చి నిలబడింది.