వెనుకనున్నవాని ప్రాణము

సైకిలు పందెములలో సాహసమునకును దౌర్జన్యమునకును నడుమనున్న ఎల్లను గుర్తించుట కష్టమని పలువురు చెప్పుదురు. నాకు మాత్రము ఆ ఎల్ల స్పష్టముగనే కనబడుచున్నది. కొండదారి దిగునప్పుడు మలుపు మలుపునకు బ్రేకును వీలైనంత ఆలస్యముగా నొక్కి, తన దేహమునే పణముగా నొడ్డి, ప్రత్యర్థికన్న కొన్ని సెకనులు ముందుగా లోయను చేరువాడు సాహసి. గమ్యరేఖకు నూరు మీటర్ల దూరమున, తన ప్రక్కగా దూసికొని వచ్చుచున్నవానికి దారి మూసివేయుటకై ఇనుప కంచె వైపునకు ఒరుగువాడు, ఎంతటి బలశాలియైనను, ఎన్ని విజయములు గడించినవాడైనను, సాహసి కానేరడు. మొదటివాడు పణముగా పెట్టినది తన ప్రాణము. రెండవవాడు పెట్టినది పరుని ప్రాణము.

దూరము నుండి చూచువారికి ఈ భేదము వెంటనే బోధపడదు. టూర్ ద ఫ్రాన్స్ వంటి పందెమున 170 మందికి పైగా ఒకే గుంపుగా, పెలోటన్ అని పేరుగాంచిన ఆ ప్రవాహముగా, ఇరుకు రోడ్లపై సాగుదురు. ముందువాని వెనుక గాలిచాటున తొక్కువానికి శ్రమ మూడవ వంతు వరకు తగ్గును గావున, పరస్పరము ఓడింపగోరు వారు కూడ ఒకరి చాటున నొకరు పయనింపక తప్పదు. ఆ చాటు పూర్తిగా దక్కవలెనన్నచో తన ముందు చక్రమునకును ముందువాని వెనుక చక్రమునకును నడుమ మూరెడు ఎడమునకు మించి యుండరాదు. సమతలమున, గమ్యము దాపున తుదిపరుగగు స్ప్రింటు వేగము గంటకు 70 కిలోమీటర్లనుకొన్నచో సెకనుకు 19 మీటర్లకు పైబడిన వేగమన్నమాట. కన్ను చూచి చేయి బ్రేకు నొక్కుటకు అరసెకను పట్టినను, ఆ లోపల సైకిలు తొమ్మిది మీటర్లు సాగిపోవును. మూరెడు ఎడములో తొమ్మిది మీటర్ల ఆలస్యమునకు తావెక్కడిది? కావున వెనుకవాని రక్షణ వాని బ్రేకులో లేదు; ముందువాని స్థిరత్వములో నున్నది.

ఇందులో మరియొక కఠోర సత్యము కలదు. రెండు చక్రములు తాకినప్పుడు పడువాడు సాధారణముగా వెనుకవాడే. సైకిలు నిలకడయంతయు ముందు చక్రమును త్రిప్పుటలో నున్నది గనుక, ఆ చక్రమునకు తగిలిన దెబ్బను సర్దుకొనుట దుస్సాధ్యము. వెనుక చక్రము తాకబడినవాడు కొంచెము తొట్రుపడి, నిలద్రొక్కుకొని, తిరిగి చూడకయే సాగిపోవును. ఒకడు తాను సాగుచున్న గీత తప్పగా మరియొకడు నేలగూలును. తప్పినవానికి తాను చేసినదేమో ఒక్కొక్కప్పుడు సాయంకాలము వీడియో చూచువరకును తెలియకయే పోవును.

నగర శివారున తెల్లవారుజామున మిత్రులతో గుంపుగా తొక్కు అలవాటు గల నాకు ఇది పుస్తకములవలన గాక చేతులవలన తెలిసిన సత్యము. ముందున్నవాడు గుంట కనబడినంతనే ఒక చేతిని నడుము వెనుకకు తెచ్చి, ఆ గుంట ఏ వైపున నున్నదో వ్రేలితో చూపును. కంకర పరచియున్నచో అరచేతిని నేలవైపు త్రిప్పి ఆడించును. వేగము తగ్గింపవలసినప్పుడు నోటితో కేకవేయును గాని ఉన్నట్టుండి బ్రేకు నొక్కడు. పూర్వము పల్లకి మోయునప్పుడు ముందరి బోయీ రాయిని, ముల్లును, నీటిగుంటను పదము కలిపి పలుకుచు, కాళ్ల ముందు పల్లకి తప్ప మరేమియు కానరాని వెనుకటి బోయీని నడిపించెడివాడని పెద్దలు చెప్పుదురు. గుంపులో తొక్కుట అట్టి విద్య. మా వేగము ఆ వీరుల వేగములో సగమైనను లేదు. అయినను, ముందువాని నడుమును తప్ప మరేమియు చూడక ఫర్లాంగుల కొలది సాగునప్పుడు, ఒక మనుష్యుడు మరియొకనిని ఇంత సంపూర్ణముగా నమ్ము సందర్భములు లోకమున అరుదని నాకు తోచుచుండును.

ఆ నమ్మకము భగ్నమైన దినములలో నేను మరువజాలనిది 2020 ఆగస్టు 5. పోలెండు దేశపు టూర్ మొదటి దశ ముగియు కటోవిత్సె నగరమున గమ్యము పల్లమునకు దిగు రోడ్డుపై నుండెను; సైక్లిస్టులు గంటకు సుమారు 80 కిలోమీటర్ల వేగమున వచ్చుచుండిరి. ముందున్న డైలన్ గ్రూనెవేగెన్ తాను ఎన్నుకొన్న గీతను విడిచి కుడివైపునకు జరుగగా, ఆ వైపున వచ్చుచున్న ఫాబియో యాకొబ్‌సెన్ కంచెకు కొట్టుకొని, ఆ కంచె విచ్ఛిన్నము కాగా దాని మీదుగా ఎగిరి పడెను. వైద్యులు అతనిని మందులతో కోమాలో నుంచవలసి వచ్చినది. ముఖమునకు 130 కుట్లు పడినవి. పలు పండ్లు ఊడిపోయినవి. గ్రూనెవేగెన్ కూడ పడి జత్రుక విరుగగొట్టుకొనెను. అతనిని ఆ పందెమునుండి తొలగించిరి. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య అతనికి తొమ్మిది నెలల నిషేధము విధించినది. జనుల ఆగ్రహము హద్దుమీరి అతనికి చంపుదుమను బెదిరింపులు కూడ పోయినవి. యాకొబ్‌సెన్ కోలుకొని, మరుసటి యేడు స్పెయిను దేశపు వుయెల్టా పందెములో మూడు దశలు గెలిచి, పాయింట్ల విజేతకిచ్చు ఆకుపచ్చ జెర్సీ ధరించెను. 2022 టూర్ ద ఫ్రాన్స్‌లో రెండవ దశను అతడును, ఆ మరునాడే మూడవ దశను గ్రూనెవేగెనును గెలిచిరి. ఆ ఇరువురి పునరాగమనమును నేను హృదయపూర్వకముగా ఆనందించితిని.

అయినను ఒక ప్రశ్న నన్ను వీడలేదు. ఆ కంచె గట్టిదై, యాకొబ్‌సెన్ భుజము గీసికొనిపోవుటతో ఆపద తప్పియున్నచో, గ్రూనెవేగెనుకు తొమ్మిది నెలల నిషేధము పడియుండునా? పడియుండదని నా దృఢ విశ్వాసము. ఆ దశలో అతని ఫలితము రద్దగుటతో కథ ముగిసియుండును. చేసిన పని అదే, ఫలితము వేరు. 2017 జులై 4న విట్టెల్ నగరమున మార్క్ కావెండిష్ కంచెపై బడి రెక్కయెముక విరిగినప్పుడు, అందుకు కారకుడని నాటి ప్రపంచ విజేత పీటర్ సాగాన్‌ను టూర్ ద ఫ్రాన్స్ నుండియే బహిష్కరించిరి. డిసెంబరు నెలలో సమాఖ్య ఆ వివాదమును ముగించుచు అది బుద్ధిపూర్వకముగా జరిగినది కాదని అంగీకరించినది. ఒక యెడ నెత్తురు చూచి తీర్పు తొందరపడినది. నెత్తురు చిందని వేయి సందర్భములలో తీర్పు కన్నుమూసికొన్నది. గాయమును తూచి దండన విధించునంతకాలము, గాయము కానంతవరకు తాను నిర్దోషినని ప్రతి స్ప్రింటరును తలచుచునే యుండును.

ఈ కారణముచేతనే 2025 జనవరి నుండి అమలునకు వచ్చిన పసుపు కార్డు విధానమును నేను మనసార స్వాగతించుచున్నాను. ఎవరును పడకపోయినను ప్రమాదకరముగా ప్రవర్తించినవానికి కార్డు పడును. ఒకే పందెమున రెండు కార్డులు పడినచో పందెమునుండి తొలగింపును, ఏడు దినముల నిషేధమును. 30 దినములలో మూడు పడినచో 14 దినముల నిషేధము. సంవత్సరమున ఆరు పడినచో 30 దినములు. తన నాయకుని గమ్యము దాపునకు చేర్చి, పని ముగియగానే గుంపు నడుమ ఉన్నట్టుండి వేగము తగ్గించువానికిని, తన జట్టువాడు గెలిచెనని వెనుక వచ్చువారిని మరచి చేతులెత్తి సంబరపడువానికిని కూడ ఈ దండన తప్పదు. సంబరము దోషమా యని కొందరు విసుగుకొనిరి. సెకనుకు 19 మీటర్ల వేగమున వచ్చువాని ముందు హ్యాండిలు విడిచిపెట్టుట దోషమే.

ఇందుకు బదులుగా వినవచ్చు వాదములలో రెండింటికి బలము కలదు. భుజముతో భుజమును ఒత్తుచు, తనకు దక్కిన చాటును నిలుపుకొనుట స్ప్రింటరు విద్యలో భాగమని మొదటి వాదము. నిజమే, గీత తప్పకుండ చోటును కాచుకొనుట విద్య, గీత తప్పి చోటును మూసివేయుట దౌర్జన్యము. నియమావళి కూడ స్ప్రింటు మొదలిడినప్పుడు ఎన్నుకొన్న గీతను విడిచి ఇతరులకు ప్రమాదము కలిగింపరాదనియే శాసించుచున్నది. పల్లపు గమ్యములను, బలహీనమైన కంచెలను ఏర్పరచిన నిర్వాహకులను విడిచి సైక్లిస్టును మాత్రమే దండించుట న్యాయము కాదని రెండవ వాదము. ఇదియు నిజమే, కటోవిత్సెలో రోడ్డును, కంచెను కూడ నేరమున పాలుపంచుకొన్నవి. కాని రోడ్డు చెడ్డదైనంతమాత్రమున హ్యాండిలు పట్టిన చేతి బాధ్యత తగ్గదు. ప్రమాదము ఎక్కువైనకొలది అది ఇనుమడించును.

నియమములు మారుటకు ఈ క్రీడ చెల్లించిన మూల్యము తక్కువది కాదు. 2003 మార్చిలో పారిస్-నీస్ పందెమున ఆంద్రేయ్ కివిలెవ్ తలకు దెబ్బతగిలి మరణించిన పిమ్మటగాని హెల్మెట్ తప్పనిసరి కాలేదు. సైకిలు చట్రముపై కూర్చుండి ముడుచుకొని కొండ దిగు భంగిమను 2021 ఏప్రిలులో నిషేధించినప్పుడు, సాహసమును చంపివేయుచున్నారని ఆక్రోశించినవారుండిరి. పందెములు నీరసపడలేదు.

కావున తీర్పరులను నేను కోరునది ఒక్కటే. గమ్యరేఖ దాటిన పిమ్మట ఎవడు పడెనో చూచుటకు ముందు, ఎవడు గీత తప్పెనో చూడుడు; అందరును క్షేమముగా చేరిన నాడు కూడ ఆ తప్పును తప్పనియే వ్రాయుడు. చూచువారమగు మనము కూడ, కంచెను ఒరసికొని గెలిచినవాని తెగువను కీర్తించుటకు ముందు, ఆ తెగువకు వెల చెల్లింపవలసియుండినవాడు ఎవడో విచారింపవలెను. అతడు మరియొకడైనచో, ఆ విజయమునకు మన చప్పట్లు చెల్లవు.