గీత గీస్తే గమకం

బొమ్మను ధ్వనిగా మార్చే సాఫ్ట్‌వేర్‌లో ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తుంది. కింది నుంచి పైకి శ్రుతి పెరుగుతుంది: అడుగున మంద్రస్థాయి, నడుమ మధ్యస్థాయి, పైన తారస్థాయి. చుక్క ఎంత తెల్లగా ఉంటే నాదం అంత గట్టిగా వినిపిస్తుంది. నలుపు ఉన్నచోట నిశ్శబ్దం. ఒక్కో అడ్డువరుసకు ఒక్కో శుద్ధనాదాన్ని కేటాయిస్తారు. కంప్యూటరు బొమ్మను సన్నని నిలువు పట్టీలుగా చదువుకుంటూ పోయి, ప్రతి పట్టీలో వెలుగున్న వరుసల నాదాలన్నిటినీ కలిపి మోగిస్తుంది. పద్ధతి మొత్తం ఇంతే. మిగిలిందంతా గీసేవారి చేతిలో, వినేవారి చెవిలో ఉంటుంది.

సంగీతాన్ని గీతల్లో పట్టుకోవడం తెలుగు అక్షరానికి పాత అలవాటే. సరిగమలు రాస్తే స్వరం ఏదో తెలుస్తుంది. అది ఎలా ఊగాలో, ఎక్కడి నుంచి జారాలో తెలియదు. ఈ లోటు తీర్చడానికే సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో, స్వరం ఊగే, జారే తీరులైన గమకాలకు గుర్తులు వాడారు. కంపితానికి అలలాంటి గీత, జారుకు వాలుగీత. ఆ గుర్తును చూసి పాడవలసింది మనిషి. గీతనే యంత్రం చదివి వినిపించే రోజు ఆ తర్వాత వచ్చింది.

సోవియట్ ఇంజనీరు యెవ్‌గెనీ ముర్జిన్ 1938లో తలపెట్టి 1958 నాటికి ‘ఏఎన్ఎస్’ అనే వాద్యయంత్రాన్ని పూర్తిచేశాడు. సినిమా రీలు అంచున ఉండే శబ్దపు చారను దీపం వెలుగుతో చదివే పద్ధతే దీనికి ఆధారం. నల్లని పూత పూసిన గాజుపలక మీద గీకితే, గీకిన చోటు నుంచి వెలుతురు దూరి నాదంగా మారుతుంది. మొత్తం 720 నాదాలు. ఒక్కో స్థాయికి 72. అంటే పన్నెండు స్వరస్థానాల్లో ప్రతి రెండింటి నడుమా ఆరు మెట్లు. తార్కోవ్‌స్కీ తీసిన ‘సొలారిస్’ (1972) చిత్రానికి ఎడ్వర్డ్ అర్తెమియెవ్ ఈ యంత్రంతోనే సంగీతం కూర్చాడు. 1977లో వాస్తుశిల్పి కూడా అయిన స్వరకర్త యానిస్ జెనాకిస్ పారిస్‌లో ‘యూపిక్’ను సిద్ధం చేశాడు. పెద్ద బల్ల మీద కలంతో గీస్తే కంప్యూటరు మోగించేది. 1990ల చివర్లో ఎరిక్ వెంగర్ రూపొందించిన ‘మెటాసింథ్’తో ఈ పని ఇంటి కంప్యూటరులోకి వచ్చింది. అందులో రంగుకూ అర్థం ఉంది: ఎరుపు ఎడమ చెవికి, ఆకుపచ్చ కుడి చెవికి వినిపిస్తుంది.

అయితే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లోకి దొరికిన ఫొటోనల్లా ఎక్కిస్తే సంగీతం రాదు. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు ఫొటో ఒకటి తీసుకుందాం. ఉన్నదున్నట్టు ఎక్కిస్తే తెల్లని ఆకాశం, మెరిసే నీళ్లు కలిసి వరుసలన్నిటినీ ఒకేసారి మోగిస్తాయి. చెవిన పడేది ఒట్టి హోరు. అందుకే ముందు నలుపు తెలుపులను తారుమారు చేస్తారు. అప్పుడు ఆకాశం మౌనమవుతుంది. ముదురు రంగు కట్ట తెల్లని అడ్డగీతై, తంబూరాలా ఆగకుండా మోగుతుంది. గీత మందంగా ఉంటే పక్కపక్క నాదాలు ఒరుసుకుని జుమ్మంటాయి. కట్ట మీది తాటిచెట్టు నిలువుగీత. ఎన్నో నాదాలు ఒక్క క్షణంలో మోగి ఆగిపోతాయి కనుక అది దెబ్బలా వినిపిస్తుంది. నాలుగు చెట్లు సమదూరంలో ఉంటే తాళం పడుతుంది.

ఫొటోను వదిలి చేత్తో గీయడం అసలు విద్య. ఒక్క సన్నగీత గీస్తే వచ్చేది పలుచని ఈలలాంటి నాదం. వీణ తీగలో వినిపించే నిండుదనం కావాలంటే అదే గీతను పైన మళ్లీ మళ్లీ గీయాలి: మొదటిది షడ్జమైతే, దాని మీద పైస్థాయి షడ్జం, ఆపైన పంచమం, ఆపైన మరో షడ్జం, ఆపైన అంతర గాంధారం. పైకి పోయేకొద్దీ గీతల ఎడం తగ్గాలి, వెలుగూ తగ్గాలి. శ్రుతి చక్కగా కుదిరిన తంబూరాలో ఎవరూ మీటని గాంధారం వినిపించడానికి కారణం ఈ పైనాదాలే. సంగీత పాఠాల్లో చెప్పే ఈ సంగతి ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

గమకం దగ్గర ఈ పద్ధతి బలం తెలుస్తుంది. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలవదు. రిషభం వైపూ మధ్యమం వైపూ ఊగుతుంది. హార్మోనియం మెట్ల మీద ఆ ఊగు పలకదు. ఇక్కడ ఒక అలగీత చాలు. అల ఎత్తు పెంచితే ఊపు పెరుగుతుంది, అలలను దగ్గర చేస్తే వేగం పెరుగుతుంది. అయితే ఒక జాగ్రత్త ఉంది. వరుసలను మోహన రాగంలోని ఐదు స్వరాలకే బిగిస్తే ఏ గీత గీసినా అపస్వరం పడదు. కానీ వాలుగీత కూడా మెట్లుమెట్లుగా తెగిపోయి జారు పోతుంది. తప్పు పడకుండా చూసుకుంటే గమకం దక్కదు. గమకం కావాలంటే వరుసలు దగ్గరదగ్గరగా ఉంచి, రాగాన్ని చెవితో కాపాడుకోవాలి.

ఈ విద్య విలువ సంగీతంతో ఆగలేదు. పీటర్ మెయర్ రూపొందించిన ‘ది వాయిస్’ కెమెరా దృశ్యాన్ని ఇదే సూత్రంతో ధ్వనిగా మార్చి, చూపులేనివారికి పరిసరాలను చెవి ద్వారా అందిస్తోంది. సంగీతం బడిలో ఈ విద్యకు ఇంకా పెద్ద పని ఉంది. కంపితం, జారు, స్ఫురితం పేర్లు బట్టీపట్టే పిల్లలకు అవి ఏ ఆకారంలో ఉంటాయో గీసి వినిపించవచ్చు. గురువు గొంతుకు ఇది బదులు కాదు; ఆ గొంతులో ఏం జరుగుతోందో చూపే అద్దం. ముర్జిన్ యంత్రాన్ని అనుసరించి అలెగ్జాండర్ జొలొతోవ్ రాసిన ‘వర్చువల్ ఏఎన్ఎస్’ మామూలు ఫోనులోనూ పనిచేస్తుంది. నల్లని తెర మీద ఒక తెల్లని అలగీత గీసి వింటే మొదటి పాఠం పూర్తయినట్టే.